డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల ప్రవర్తన మారినప్పుడు ఏం చేయాలి: ఇంట్లో చూసుకునేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

డిమెన్షియా అంటే జ్ఞాపకాన్నీ ఆలోచననూ మెల్లగా తినేసే మెదడు జబ్బు. అది ఉన్న ఇంట్లో మతిమరుపు కంటే ఎక్కువగా మనుషుల్ని కుంగదీసేది ప్రవర్తనలో వచ్చే మార్పు. పేర్లు మర్చిపోతే సర్దుకుంటాం. కానీ జీవితంలో గొంతు పెంచి ఎరగని మనిషి బూతులు తిడితే, కోడలు నగలు తీసిందని వీధిలో చెబితే, అర్ధరాత్రి గడియ తీసుకుని వెళ్లిపోతే ఇల్లంతా అల్లకల్లోలం అవుతుంది. అప్పుడు చుట్టుపక్కల వినపడే మాటలు మూడు: "చాదస్తం ముదిరింది", "కావాలనే చేస్తోంది", "ఏదో గాలి సోకింది". మొదటిది నమ్మితే పట్టించుకోం. రెండోది నమ్మితే దెబ్బలాడతాం. మూడోది నమ్మితే తాయెత్తు కట్టించి వారం పోగొట్టుకుంటాం. అసలు కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్ అయితే, ఆ వారంలో అది రక్తంలోకి పాకిపోవచ్చు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. వాళ్లలో చాలామందిని చూసుకుంటున్నది ఏ శిక్షణా లేని భార్యలు, కూతుళ్లు, కోడళ్లు, కొడుకులు. వాళ్లకు పనికొచ్చే వరుసలో ఇది రాస్తున్నాను. వరుస ముఖ్యం. చాలా ఇళ్లలో చివరి అడుగు, అంటే మందు బిళ్ల, ముందు పడుతోంది.

మొదటి అడుగు: ఎప్పటి నుంచి?

ప్రవర్తన మారిందనగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద ముదిరే జబ్బు. గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో మనిషి మారిపోయారంటే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకూడదు, దాని మీద ఇంకేదో వచ్చి పడిందనే అనుకోవాలి. ఆ హఠాత్తు అయోమయాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. పొద్దున కాస్త తేరుకున్నట్టు ఉండి సాయంత్రానికి పొంతన లేని మాటలు, మాట్లాడుతూనే మగతలోకి జారిపోవడం, గాల్లో ఏదో ఏరుతున్నట్టు చేతులు కదపడం దాని గుర్తులు.

అరిచి గోల చేసేవాళ్లను ఎలాగూ గమనిస్తాం. పలుకూ ఉలుకూ లేకుండా మంచానికి అతుక్కుపోయినవాళ్లనే "ఈ రోజు నెమ్మదిగా ఉన్నారు, పాపం" అని వదిలేస్తాం. అదీ డెలీరియమే కావచ్చు, ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి మరింత ప్రమాదం.

ఇలాంటప్పుడు అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పడిపోయినా, ఆయాసం వచ్చినా, పిలిస్తే లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లయితే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మింగగలిగే స్పృహ ఉంటే చక్కెర నీళ్లు తాగించండి. ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా అని గుర్తు చేసుకోండి. తలకు తగిలిన చిన్న దెబ్బ వల్ల మెల్లగా రక్తం చేరి, కొన్ని వారాల తర్వాత మనిషి మారిపోవడం పెద్దవయసులో ఉన్నదే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ.

డాక్టరు దగ్గర "మతి సరిగ్గా లేదండీ" అంటే పాత జబ్బే అనుకునే అవకాశం ఉంది. "మంగళవారం దాకా తన అన్నం తను కలుపుకుని తిన్నారు, బాత్‌రూమ్‌కి తనే వెళ్లారు. నిన్నటి నుంచి ముద్ద నోట్లో పెట్టినా మింగడం లేదు" అని చెప్పండి. మామూలు రోజు ఎలా ఉంటారో తెలిసింది మీకే, ఆ తేడా మీరు చెబితేనే బయటికొస్తుంది.

రెండో అడుగు: తల నుంచి పాదం దాకా చూడటం

మార్పు నెమ్మదిగా వచ్చినా ఒంట్లో బాధ ఉందేమో ముందు చూడాలి. నొప్పి అని చెప్పలేని మనిషి నొప్పి పుట్టిన చోట చెయ్యి వేస్తే కొడతారు. మోకాలు నొప్పి ఉన్నావిడ కుర్చీలోంచి లేపబోతే గోళ్లతో రక్కుతుంది. మనం దాన్ని మొండితనం అనుకుంటాం.

పైనుంచి మొదలుపెట్టండి. కళ్లద్దాలు వాళ్లవేనా, కంట్లో శుక్లం ఉందా, చెవిలో గుమిలి గడ్డకట్టిందా, వినికిడి యంత్రంలో బ్యాటరీ ఉందా. నోరు తెరిపించి చూడండి: పుండు, పుచ్చిన పన్ను, కట్టుడు పళ్ల కింద ఒరుపు. అన్నం వద్దని మొహం తిప్పుకోవడానికి కారణం చాలాసార్లు నోట్లోనే దొరుకుతుంది. తర్వాత పొట్ట. మూడు రోజులుగా విరేచనం కాకపోతే ఎవరికైనా చిరాకే. మూత్రం చుక్కలుగా వస్తోందా, మంట ఉందా. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు లోపలికి పోతున్నాయి? దాహం తెలియకపోవడం, అడగలేకపోవడం రెండూ ఉంటాయి, కోస్తా ఎండల్లో ఇది పెద్ద సమస్య. నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడుతున్నాయేమో చూడండి. పాదాల్లో ముల్లు, పుండు, పెరిగిన గోరు.

ఆ తర్వాత మందుల డబ్బా. ఇంట్లో ఉన్న ప్రతి బిళ్లా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, ఒక కవరులో వేసి డాక్టరుకు చూపించండి. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, దిగులుకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటివి డిమెన్షియా ఉన్నవాళ్లలో అయోమయం పెంచుతాయి. నిద్ర కోసం అల్ప్రాజోలం అలవాటు చేస్తే పగలు తూలడం, పడిపోవడం, కొందరిలో చిరాకు ఇంకా పెరగడం చూస్తాం. మీ అంతట మీరు ఏదీ హఠాత్తుగా ఆపకండి. అడిగి, మెల్లగా తగ్గించాలి. థైరాయిడ్, బి12, సోడియం పరీక్షలు ఈ మధ్య చేయించకపోతే అదే సందర్భంలో అడగండి.

మూడో అడుగు: రెండు వారాలు రాసి పెట్టడం

ఒంట్లో ఏమీ దొరకలేదు, ప్రవర్తన మాత్రం అలాగే ఉంది. అప్పుడు ఒక నోటుబుక్కు తీసుకోండి. "బాగా గొడవ చేసింది" అని రాస్తే ఉపయోగం లేదు. ఏ టైముకు, ఏ గదిలో, దానికి ముందు ఏం జరిగింది, ఎవరున్నారు, ఏమన్నారు, మనం ఏం చేస్తే తగ్గింది. ఇలా:

"సాయంత్రం 5.40. హాలు. టీవీలో నేరాల ప్రోగ్రాం. పిల్లలు స్కూలు నుంచి వచ్చారు, కుక్కరు కూత. అత్తయ్య లేచి తలుపు లాగడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకుంటే తోసేసింది. వరండాలోకి తీసుకెళ్లి కూర్చోబెడితే పది నిమిషాలకు తగ్గింది."

రెండు వారాలు ఇలా రాస్తే "రోజంతా ఇదే గోల" అనిపించినది సాయంత్రం ఒక గంటకు, ఒక మనిషి చేతికి, ఒక పనికి ముడిపడి ఉన్నట్టు కనిపిస్తుంది. ముడి కనిపించాక విప్పే పని మొదలవుతుంది. అమెరికాలో వృద్ధుల మానసిక వైద్యులు రూపొందించిన డైస్ పద్ధతి కూడా ఇదే: జరిగింది వివరంగా చెప్పడం, కారణం వెతకడం, ఉపాయం ఆలోచించడం, పనిచేసిందో లేదో చూడటం. ఒకసారి ఒక్క మార్పే చేయండి. నాలుగు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నాలుగో అడుగు: వాదన మానేయడం

ఇది చెప్పినంత తేలిక కాదు. నిజం చెబితే అర్థం చేసుకుంటారన్న ఆశ మనలో అంత గట్టిగా ఉంటుంది. కానీ వాళ్లకు కొత్త సంగతి నిలవదు, దాంతో వచ్చిన బాధ మాత్రం నిలుస్తుంది. ఎందుకు తిట్టారో గుర్తుండదు, ఈ మనిషి దగ్గర భయంగా ఉంటుందని మాత్రం మిగులుతుంది.

భర్త పోయిన ఆవిడ రోజూ "మీ నాన్నగారు ఇంకా రాలేదేం?" అని అడుగుతుంది. "నాన్న పోయి ఆరేళ్లయింది కదమ్మా" అని ప్రతిసారీ చెప్పడం అంటే ప్రతిసారీ ఆ కబురు కొత్తగా వినిపించడమే. "నాన్న గుర్తొచ్చారా అమ్మా? ఆయనకు కాఫీ ఎలా ఉండాలి?" అంటే ఆయన గురించి నాలుగు మాటలు చెప్పి ఊరట పడుతుంది. ఇది మోసమేమో అని కొందరు బాధపడతారు. నా మటుకు, ఆవిడ అడుగుతున్నది సమాచారం కాదు, తోడు. తోడు ఇవ్వడంలో మోసం లేదు.

సొంత ఇంట్లోనే కూర్చుని "ఇంటికి పోతాను" అన్నప్పుడూ అంతే. "ఇదే మన ఇల్లు" అనకండి. "మీ ఇంట్లో ఏం చెట్లు ఉండేవి?" అని అడిగి మాట కలిపి, చెయ్యి పట్టుకుని రెండు అడుగులు వేయించండి. ఆకలో, మూత్రమో, భయమో ఆ మాటగా వస్తూ ఉండొచ్చు.

మాట్లాడే తీరు కొంచెం మార్చుకోవాలి. ఎదురుగా వచ్చి, కళ్లకు కనపడి, పేరుతోనో వరసతోనో పిలిచి, వాళ్ల ఎత్తుకు కూర్చుని, ఒక మాట చెప్పి ఆగండి. జవాబుకు పది క్షణాలు పట్టినా ఓపిక పట్టండి. "ఏం తింటారు?" అనే బదులు "ఇడ్లీ తింటారా?" అనండి. పట్నంలో ఏళ్లు గడిపినవాళ్లయినా చిన్నప్పటి ఊరి యాసలో అడిగితే త్వరగా అందుకుంటారు. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన ఆయాకు ఆ నాలుగు మాటలూ తెలుగులో నేర్పించండి.

ఇంటికొచ్చే చుట్టాలకు కూడా ముందే చెప్పాలి. "నేనెవరో చెప్పు చూద్దాం?" అనే ఆట వద్దు. చెప్పలేకపోయిన మనిషి అవమానంతో ముడుచుకుపోతారు, ఆ కోపం సాయంత్రం మీ మీద పడుతుంది. "అత్తయ్యా, నేను తెనాలి నుంచి మీ మేనకోడల్ని వచ్చాను" అని వాళ్లనే చెప్పమనండి.

స్నానం దగ్గర గొడవ

ఎక్కువ ఇళ్లలో కొట్లాట ఇక్కడే, కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. నున్నటి టైల్స్ మీద తడి చూస్తే గుంటలాగా కనిపించవచ్చు. నెత్తిన చెంబెడు నీళ్లు ఉన్నట్టుండి పడితే ఊపిరాడనట్టు ఉంటుంది. బట్టలు విప్పమంటే సిగ్గు. ఆ సిగ్గు జబ్బు వల్ల పోదు. మామగారికి కోడలు స్నానం చేయించబోతే ఆయన తిరగబడటంలో వింతేముంది? వీలైతే కొడుకో మగ అటెండెంటో చేయించాలి.

ఎండ ఎక్కాక, పది పదకొండు గంటల వేళ పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లు, తువ్వాలు, మార్చే బట్టలు అన్నీ ముందే లోపల ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ వేసి, కింద జారని పట్టా పరవండి. "స్నానానికి రండి" అనకుండా "కాళ్లు కడుక్కుందాం రండి" అనండి. కూర్చున్నాక భుజాల మీద తువ్వాలు కప్పే ఉంచి, పాదాల మీద నీళ్లు పోయండి. చెంబు వాళ్ల చేతికే ఇవ్వండి. పోసుకునే అలవాటు చేతుల్లో చాలాకాలం మిగిలి ఉంటుంది. కాళ్లు, చేతులు, వీపు, ఇలా పైకి వస్తూ, "ఇప్పుడు వీపు రుద్దుతున్నా" అని చెబుతూ చేయండి. తల చివర్న, లేదా ఇంకో రోజు. సున్నిపిండి, కుంకుడు రసం అలవాటున్నవాళ్లకు ఆ వాసనే సగం పని చేసిపెడుతుంది.

ఒద్దన్నారా, ఆపేసి అరగంట తర్వాత మళ్లీ చూడండి. రోజూ స్నానం కావాలనే పట్టింపు వదలండి. వారానికి రెండు మూడు సార్లు చాలు, మిగతా రోజులు తడిబట్టతో చంకలు, గజ్జలు, మడతలు తుడిచి పొడిగా ఆరనిస్తే సరిపోతుంది.

పొద్దుగూకే వేళ

సాయంత్రం నాలుగైదు గంటల నుంచి కలవరం పెరగడం చాలామందిలో ఉంటుంది. అలసట, మసక వెలుతురు, నీడలు, ఇంట్లో సందడి అన్నీ కలుస్తాయి. చీకటి పడకముందే లైట్లన్నీ వేయండి. పొద్దున ఎండలో అరగంట కూర్చోబెట్టండి, మధ్యాహ్నం కునుకు అరగంటకు మించనివ్వకండి, మూడు దాటాక కాఫీ టీలు వద్దు. సాయంత్రం టీవీలో నేరాలు, కొట్లాటల దృశ్యాలు ఆపండి. అవి ఇంట్లోనే జరుగుతున్నాయని నమ్మేవాళ్లు ఉన్నారు. నీరు తీసే బిళ్ల సాయంత్రం వేస్తుంటే పొద్దుటికి మార్చవచ్చా అని, డిమెన్షియాకు ఇచ్చే డోనెపెజిల్ రాత్రి వేసుకుంటూ పీడకలలు వస్తుంటే పగటికి మార్చవచ్చా అని డాక్టర్ని అడగండి.

వాళ్ల పాత జీవితంలో ఆ వేళ ఏముండేదో కూడా ఆలోచించండి. యాభై ఏళ్లు పాడి చూసుకున్న ఆవిడ ఫ్లాటులో సాయంత్రం కాగానే "దూడను కట్టెయ్యాలి" అని తలుపు దగ్గరికి పోతుంటే, ఆవిడకు అది పాలు పితికే టైము. చేతికి పని ఇవ్వండి: చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, వత్తులు చేయడం, ఆరిన బట్టలు మడతపెట్టడం. సరిగ్గా చేశారా లేదా అనవసరం.

"నా గొలుసు ఎవరో తీశారు"

నిందపడేది ఎప్పుడూ పక్కనే ఉండి చాకిరీ చేసే మనిషి మీద. మర్చిపోయిన చోటును మెదడు దొంగతనంతో నింపుతుంది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టరు (ఆల్జైమర్స్ జబ్బుకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది) చూసిన అగస్టె డెటర్ అనే రోగికి కూడా మొట్టమొదట ఇంట్లోవాళ్లు గమనించిన లక్షణం భర్త మీద అనుమానమే. కాబట్టి అత్తగారు కోడల్ని అనుమానిస్తే పాత కక్ష బయటపడిందని తీర్పు చెప్పకండి.

"నేను తీయలేదు" అనే మాటతో ఏ గొడవా ఆగదు. "గొలుసు కనపడకపోతే ఎవరికైనా కంగారే అత్తయ్యా, పదండి వెతుకుదాం" అనండి. ఒకే చోట దాచే అలవాటు ఉంటుంది: దిండు గలీబు, బియ్యం డబ్బా, చీర మడతలు, దేవుడి గూడు. దొరికినప్పుడు "చూశారా, మీరే పెట్టారు" అనొద్దు. అసలు బంగారం, పాసుబుక్కులు లాకరుకు మార్చి, అదే పోలికలో గిల్టు గొలుసు, పర్సులో కొన్ని చిల్లర నోట్లు ఉంచండి. అనుమానం పనిమనిషి మీద పడినప్పుడు ఆమెను పోలీసుల దాకా లాగే ముందు ఇల్లంతా వెతకండి. నిజంగా దొంగతనం జరిగే అవకాశమూ లేకపోలేదు, అందుకే ముందే లెక్క రాసుకోవడం మంచిది.

ఇల్లు దాటి వెళ్లిపోతే

ఫోన్ నంబరు రాసిన కంకణమో లాకెట్టో ఒంటి మీద ఉండాలి. ఇటీవలి ఫోటో మీ ఫోనులో ఉండాలి. వాచ్‌మన్‌కు, కిరాణా కొట్టుకు, ఆటో స్టాండులో వాళ్లకు జబ్బు సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. చెప్పులు, చేతికర్ర, సంచి తలుపు పక్కన కనపడితే బయల్దేరాలనిపిస్తుంది, తీసేయండి. తలుపుకు మువ్వలో గంటో కట్టండి, గడియ చూపుకు అందని ఎత్తులో బిగించండి. ఒంటరిగా లోపల పెట్టి తాళం వేసి వెళ్లడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వంట అయ్యాక సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేయండి.

కనపడకపోతే ముందు ఇంట్లో, మేడ మీద, వాటర్ ట్యాంకు దగ్గర, పక్క ఇళ్లలో పావుగంట వెతికి, 112కి ఫోన్ చేయండి. "ఒక రోజు చూద్దాం" అని ఆగాల్సిన పని లేదు. పాత ఇల్లు, గుడి, పనిచేసిన ఆఫీసు, బస్టాండు దారులకు మనుషుల్ని పంపండి. చెరువులు, బావులు, రైలు పట్టాల వైపు మొదటే ఒకరు వెళ్లాలి. తిరిగొచ్చాక ప్రశ్నలు వద్దు, నీళ్లు, అన్నం, మంచం.

లేనివి కనిపించడం

గదిలో పిల్లలున్నారని, గోడ మీద పురుగులున్నాయని అంటే ముందు అద్దం, కిటికీలో ప్రతిబింబం, వేలాడే బట్టల నీడ చూడండి. సరిచేస్తే సగం తగ్గుతుంది. వాళ్లకు భయం లేకపోతే వదిలేయండి. భయపడుతుంటే "నాకు కనపడలేదు కానీ మీకు భయంగా ఉంది కదా, నేనిక్కడే ఉంటాను" అని గది మార్పించండి. పదే పదే స్పష్టంగా మనుషులో జంతువులో కనిపిస్తూ, నడక బిగుసుకుపోతూ, నిద్రలో కేకలు, తన్నులు ఉంటే లూయీ బాడీ అనే రకం డిమెన్షియా కావచ్చు. ఆ మాట న్యూరాలజిస్టుకు తప్పక చెప్పండి. భ్రమలు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ఆ రకంలో ప్రాణం మీదికి తెస్తాయి.

చెయ్యి చేసుకుంటే, బట్టలు విప్పేస్తే

ఒక అడుగు వెనక్కి. మణికట్టు పట్టుకోకండి, చుట్టూ మూగకండి, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడండి. కత్తిపీట, రోకలి లాంటివి అందకుండా తీసేయండి. దారి వదిలి పక్కకు నిలబడితే చాలాసార్లు ఐదు నిమిషాల్లో చల్లబడుతుంది. ఆ తర్వాత నోటుబుక్కులో ముందు ఏం జరిగిందో రాయండి.

నలుగురిలో లుంగీ విప్పేయడానికి ఉక్కపోతో మూత్రమో కారణం కావచ్చు. తువ్వాలు కప్పి బాత్‌రూమ్‌కి నడిపించండి. బూతులు, చేతులు వేయడం, తీపి కోసం వెంపర్లాడటం మతిమరుపు కంటే ముందే, అరవై లోపే మొదలైతే ఫ్రాంటోటెంపోరల్ అనే రకం డిమెన్షియానేమో డాక్టరుకు చూపించాలి. కూతురి వయసు ఆయా మీద చెయ్యి వేస్తే ఆ అమ్మాయి మాట నమ్మి, మగ అటెండెంటును పెట్టండి. జబ్బు అన్నంత మాత్రాన ఆమె భరించాల్సిన అవసరం లేదు.

మందులు ఎప్పుడు

పైవన్నీ చేశాక కూడా మనిషి తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉంటే, లేదా భరించలేని భయంలో ఉంటే, సైకియాట్రిస్టు రిస్పెరిడాన్, క్వెటియాపిన్ లాంటివి రాయవచ్చు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టింది, పక్షవాతం ముప్పు కూడా ఉంది. అందుకని మూడు ప్రశ్నలు అడగండి: దేని కోసం ఇస్తున్నారు, ఏం గమనించాలి, ఎప్పుడు ఆపే ప్రయత్నం చేస్తాం? కొన్ని వారాలకోసారి సమీక్ష ఉండాలి. పదే పదే అడగడానికి, తిరగడానికి ఈ మందులు పెద్దగా పనిచేయవు. పాత చీటీ చూపించి నెలల తరబడి షాపులో కొనుక్కోవడం ప్రమాదం.

ఇంట్లోవాళ్ల ఏర్పాటు

అన్నదమ్ములు వంతులు వేసుకుని తల్లిని మూడేసి నెలలకు ఇల్లు మార్చే పద్ధతి డిమెన్షియాకు సరిపడదు. కొత్త గది, కొత్త బాత్‌రూమ్ దారి నేర్చుకునేలోగా మళ్లీ మార్పు. వీలుంటే ఆవిడ ఒకచోట ఉండాలి, వంతులు పిల్లలవి కావాలి.

అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడి "అమ్మ బాగానే ఉంది కదా, మీరే ఎక్కువ చెబుతున్నారు" అంటే, ఆ నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పంపండి. చాలామంది కాసేపు కూడదీసుకుని మాట్లాడగలరు, తర్వాత అలసటంతా ఇంట్లోవాళ్ల దగ్గర బయటపడుతుంది. దూరంగా ఉన్నవాళ్లు చేయగలిగింది చాలా ఉంది: రాత్రి అటెండెంటు జీతం, ఏడాదికి ఒక నెల వచ్చి పూర్తిగా బాధ్యత తీసుకోవడం, డాక్టరుతో ఫోనులో మాట్లాడటం.

చూసుకునే మనిషికి వారానికి కనీసం ఒక పూట పూర్తిగా సెలవు కావాలి, రాత్రి నిద్ర కావాలి. చెయ్యి ఎత్తబోయేంత కోపం వచ్చిందంటే ఆ రోజు ఇంకొకరిని పిలవాల్సిందే. మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. వృద్ధులకు సంబంధించిన సాయం, ఆశ్రమాల వివరాలు, హింస ఫిర్యాదులకు ఎల్డర్ లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. డిమెన్షియా ఉన్న కుటుంబాల కోసం 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ (అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది, ఇలాంటి ఇళ్లవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు అలాంటి చోట దొరుకుతుంది.